గోడలో దాగిన 15 మీటర్లు: ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్‌తో నాలుగేళ్లు

గుంటూరులో 2017లో ఇల్లు కట్టుకున్నప్పుడు మేడ మీద ఒక గదిని సినిమాల కోసమే వదిలిపెట్టాను. రిసీవర్ (బొమ్మను ప్రొజెక్టర్‌కూ ధ్వనిని స్పీకర్లకూ పంపే పెట్టె), ప్లేయర్, సెట్‌టాప్ బాక్స్ తెర కింద అలమరలో ఉంటాయి. ప్రొజెక్టర్ వెనక గోడ దగ్గర పైకప్పుకు వేలాడుతుంది. ఈ రెండింటి మధ్య గోడ ఎక్కి సీలింగ్ మీదుగా వెళ్లే దారి పదమూడు మీటర్ల పైచిలుకు. బొమ్మనూ ధ్వనినీ మోసే హెచ్‌డీఎంఐ కేబుల్‌ను గోడ గాడిలో పెట్టి సిమెంటుతో పూడ్చేద్దామని నేనంటే, ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. ‘వైరు ఎప్పుడైనా పోతుంది సార్, పైపు వేద్దాం’ అని 25 మిల్లీమీటర్ల పైపు వేశాడు. అదనపు ఖర్చని ఆ రోజు గొణిగాను. ఈ సమీక్షలో మొదటి మార్కులు అతనికే.

అప్పట్లో వేసింది మామూలు రాగి కేబుల్, 15 మీటర్లది. 1080పి ప్రొజెక్టర్‌తో మూడేళ్లకు పైగా ఒక్క రోజు కూడా ఇబ్బంది పెట్టలేదు. 2021 జనవరిలో 4కె ప్రొజెక్టర్ తెచ్చాక అసలు కథ మొదలైంది. సెట్‌టాప్ బాక్స్ బొమ్మ బాగుంది. 4కె డిస్కు వేస్తే బొమ్మ వచ్చింది కానీ చీకటి సన్నివేశాల్లో తెల్లని చుక్కలు మిణుగురుల్లా మెరిశాయి. స్ట్రీమింగ్ బాక్స్ పెడితే పూర్తిగా నల్ల తెర. రిసీవరే పాడైందని ఇంట్లో అందరం ఏకగ్రీవంగా తీర్మానించాం. పది కిలోల పైన ఉన్న ఆ పెట్టెను ఆటోలో సర్వీసు సెంటరుకు మోసుకెళ్లాను. నాలుగు రోజుల తర్వాత ‘లోపం ఏమీ లేదు’ అన్న చీటీతో తిరిగి వచ్చింది.

వృత్తి రీత్యా నాది లెక్కల పని. పద్దుల్లో తేడా వస్తే పుస్తకం మొత్తం తిరగరాయం. ఎక్కడిదాకా సరిపోయిందో చూసి అక్కడి నుంచి వెతుకుతాం. ఆ బుద్ధి ఇక్కడ పుట్టడానికి వారం పట్టింది. నేనూ మా అబ్బాయీ కలిసి ప్రొజెక్టర్‌ను కిందికి దించి, రిసీవర్ పక్కన పీట మీద పెట్టి, ప్లేయర్‌తో పాటు వచ్చిన రెండు మీటర్ల కేబుల్‌తో కలిపాం. పక్క గోడ మీద తువ్వాలంత బొమ్మ పడింది. అదే స్ట్రీమింగ్ బాక్స్, అదే రిసీవర్, అదే ప్రొజెక్టర్. ఒక్క చుక్క లేదు. అంటే తేడా గోడలో ఉంది.

తర్వాత చదివి తెలుసుకుంటే నా మూడు లక్షణాలూ ఒకే లెక్కలో ఇమిడిపోయాయి. 1080పి బొమ్మ సెకనుకు 60 ఫ్రేములతో వెళ్లడానికి తీగలో సుమారు నాలుగున్నర గిగాబిట్ల వేగం చాలు. 4కె సినిమా డిస్కు సెకనుకు 24 ఫ్రేములే కాబట్టి హెచ్‌డీఆర్‌తో (వెలుగునీడల తేడాను ఇంకా బాగా చూపే పద్ధతి) కలిపినా సుమారు 9 గిగాబిట్లతో సరిపెట్టుకోగలదు. స్ట్రీమింగ్ బాక్స్ మెనూ మాత్రం 60 ఫ్రేములతో, హెచ్‌డీఆర్‌తో వస్తుంది. దానికి దాదాపు 18 కావాలి. 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0 పై హద్దు అదే. నా రాగి తీగ నాలుగున్నరను హాయిగా మోసింది, తొమ్మిది దగ్గర తడబడింది, పద్దెనిమిది దగ్గర చతికిలపడింది. రాగిలో దూరం పెరిగేకొద్దీ సంకేతం నీరసిస్తుంది. అయిదారు మీటర్లు దాటాక అంత వేగం ఆశించడం అత్యాశే. బంగారు పూత, లావుపాటి అల్లిక చూపించి వేలకు వేలు వసూలు చేసే కేబుళ్లు ఈ దూరానికి మందు కావు. సంకేతం చేరితే బొమ్మ ఉన్నదున్నట్టుగా వస్తుంది, చేరకపోతే చుక్కలో చీకటో. పూతతో రంగులు మెరుగయ్యే అవకాశం లేదు.

మెనూకే నల్లబడి సినిమాకు మాత్రం పనిచేసే పెట్టెను చూసి ‘యాప్ లోపం’ అనుకునేవారు ఎంతమందో. స్ట్రీమింగ్ బాక్స్‌ను ఒకసారి 4కెలోనే సెకనుకు 30 ఫ్రేములకు, మరోసారి 1080పికి తగ్గించి చూడండి. తగ్గించగానే బొమ్మ కుదురుకుంటే కేబుల్ మీదే అనుమానం పెట్టుకోవాలి.

ఇక ఆప్టికల్ కేబుల్ సంగతి. 2021 ఫిబ్రవరిలో ఏడు వేల పైచిలుకు పెట్టి 15 మీటర్లది తెప్పించాను. అట్టపెట్టె తెరిస్తే చెవి ఫోను వైరు కన్నా కాస్త లావు, అంతే. దీనికి ఇంత ధరా అనిపించింది. లోపల బొమ్మను మోసేవి నాలుగు గాజు పోగులు. కొసల్లో ఉన్న చిన్న చిప్పులు ఒకవైపు విద్యుత్తును కాంతిగా, మరోవైపు కాంతిని విద్యుత్తుగా మారుస్తాయి. అందువల్ల దీనికి దిక్కు ఉంటుంది. ఒక కొస మీద సోర్స్ (బొమ్మ పంపే పెట్టె వైపు) అనీ రెండో కొస మీద డిస్‌ప్లే (తెర వైపు) అనీ అచ్చు వేసి ఉంటుంది.

అది చదవకుండానే చేతికి దొరికిన కొసను పాత కేబుల్‌కు టేపుతో కట్టి పైపులోకి లాగాం. బెండ్ల దగ్గర తల ఇరుక్కుంటే, టాల్కం పౌడరు చల్లి, బలంగా లాగకుండా బుజ్జగిస్తూ, గంటన్నర పట్టింది. గాజు పోగు కాబట్టి మెలిక పడితే విరుగుతుంది. తీరా స్విచ్చి వేస్తే చీకటి. ప్రొజెక్టర్ దగ్గర నిచ్చెనెక్కి చూస్తే ‘సోర్స్’ అని నా ముఖం మీదే రాసి ఉంది. ‘రైలెక్కే ముందు బోర్డు చూస్తారుగా, దీనికి చూడలేదా?’ అంది మా ఆవిడ. మళ్లీ మొత్తం వెనక్కి లాగి, తిప్పి, రెండోసారి వేసేసరికి చీకటి పడింది. పైపులోకి ఎక్కించకముందే నేల మీద పరిచి ఒక సినిమా చూసెయ్యండి. లోపలికి పోయిన తర్వాత తెలిసే లోపం కన్నా చాపమీద తెలిసే లోపం మేలు.

అప్పటి నుంచి చుక్కలు లేవు. బొమ్మ విషయంలో నాలుగేళ్లుగా ఈ కేబుల్‌కు నేను పెట్టగలిగిన వంక లేదు. కానీ గదిలో వచ్చిన ప్రతి తంటాకూ మొదట దాన్నే తిట్టాను, దాదాపు ప్రతిసారీ పొరపాటే.

ఉదాహరణకు, రిసీవర్‌లోనూ ప్రొజెక్టర్‌లోనూ ప్రతి హెచ్‌డీఎంఐ పోర్టుకూ వేగం సెట్టింగు విడివిడిగా ఉంటుంది. నేను తర్వాత మార్చి తగిలించిన పోర్టుల్లో అది తక్కువ వేగం మీదే ఉంది. హెచ్‌డీఆర్ ఎందుకు రావడం లేదని రెండు రాత్రులు కేబుల్‌ను శంకించాక మెనూలో ఆ వరుస కనిపించింది. మార్చింది ఒక్క మాట. చాలా టీవీల్లోనూ ఇదే కథ.

సినిమా మొదలవగానే రెండు సెకన్లు తెర నల్లబడితే అది రోగం కాదు. 60 ఫ్రేముల నుంచి 24కు మారేటప్పుడు పరికరాలు మళ్లీ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ప్రొజెక్టర్ తనకు ఏమేమి చేతనవునో ఈడీఐడీ అనే చీటీలో రాసి పంపుతుంది, ప్లేయర్ దాన్ని చదువుతుంది, తర్వాత దొంగ కాపీలను అడ్డుకునే హెచ్‌డీసీపీ తాళం చెవులను రెండూ సరిచూసుకుంటాయి. 4కె సినిమాలకు హెచ్‌డీసీపీ 2.2 కావాలి. గొలుసులో ఒక్క పాత పెట్టె దాన్ని ఎరగకపోయినా 1080పికి దిగిపోవడమో, నల్ల తెరో. మా బావమరిది ఇంట్లో పాత రిసీవర్‌తో జరిగింది ఇదే. అతని ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి, ధ్వనిని ఏఆర్‌సీ (టీవీ నుంచి ధ్వనిని హెచ్‌డీఎంఐ తీగలోనే వెనక్కి పంపే దారి) ద్వారా రిసీవర్‌కు పంపితే సర్దుకుంది. ఏఆర్‌సీ మామూలుగా టీవీలో ఒక్క పోర్టుకే ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి.

నా గదిలో ముందు ప్రొజెక్టర్, తర్వాత రిసీవర్, చివరికి ప్లేయర్ అన్న వరుసలో వేస్తే పలకరింపు ఎన్నడూ తప్పలేదు. తిరగేసి వేస్తే పదిలో ఒకసారి చీకటే. అప్పుడు అన్నీ ఆపి, ప్లగ్గులు పీకి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెడతాను.

కేబుల్‌దే అనదగిన లోపం ఒకటుంది. కొసల్లోని చిప్పులకు కరెంటు సోర్స్ పోర్టులోని 5 వోల్టుల పిన్ను నుంచే రావాలి. రిసీవర్ ఇస్తుంది, ఇబ్బంది లేదు. ఒకసారి స్ట్రీమింగ్ స్టిక్‌ను మధ్యలో రిసీవర్ లేకుండా నేరుగా దీనికి తగిలిస్తే బొమ్మ వచ్చి పోతూ విసిగించింది. రిసీవర్ గుండా పంపితే కుదుటపడింది. ఈ కేబుల్‌ను చిన్న స్టిక్‌తో ఒంటరిగా వాడదలచినవారు కొసకు అదనంగా యూఎస్‌బీ కరెంటు తగిలించే వీలున్న రకం చూసుకోవడం మంచిది.

రెండో ఏడాది అప్పుడప్పుడూ తెర రెప్ప వేసింది. పైనుంచి వేలాడే కొస బరువుకు ప్రొజెక్టర్ పోర్టులో ప్లగ్గు కొద్దిగా ఒరిగింది. ప్లాస్టిక్ పట్టీతో బ్రాకెట్‌కు కట్టాక మళ్లీ రాలేదు.

2023 మే నెలలో ఒక సాయంత్రం గాలివాన. డిష్ నుంచి దిగే తీగ వెంట పిడుగు దెబ్బ సెట్‌టాప్ బాక్స్‌నూ, అది తగిలించి ఉన్న రిసీవర్ పోర్టునూ కాల్చేసింది. ప్రొజెక్టర్ బతికింది. గాజు పోగు కాపాడిందని మా అబ్బాయి అంటాడు. నేను పూర్తిగా ఒప్పుకోను. బొమ్మ కాంతిలో వెళ్లినా 5 వోల్టులకూ ఈడీఐడీకీ నా కేబుల్‌లో సన్నని రాగి తీగలు కూడా ఉన్నాయి, కరెంటుకు ఆ దారి చాలు. అదృష్టమే అనుకుంటాను. ఆ వారమే ప్లగ్గుకు ఎర్త్ సరిగా ఉందో లేదో పరీక్ష చేయించాను. అంతకుముందు రిసీవర్ పెట్టెను తాకితే సన్నగా జివ్వుమనేది, దాన్ని ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. ఇప్పుడు మబ్బు పడితే డిష్ తీగ విప్పేస్తాను. హెచ్‌డీఎంఐ తీగలు మార్చాల్సి వస్తే కరెంటు ఆపాకే ముట్టుకుంటాను.

కొనవచ్చా అంటే, పది మీటర్లు దాటిన దారికి, పైపు ఉన్న ఇంటికి, తప్పకుండా. మూడు మీటర్లలో పని అయ్యేవారు పరీక్షించిన ముద్ర ఉన్న మామూలు రాగి కేబుల్ కొనుక్కుంటే చాలు. గోడలో పూడ్చేయాలనుకునేవారు దేన్నీ కొనకండి.

నాది 18 గిగాబిట్ల కేబుల్. మా అబ్బాయి 4కెలో సెకనుకు 120 ఫ్రేములు చూపే ఆటల పెట్టె మీద కన్నేశాడు. దానికి హెచ్‌డీఎంఐ 2.1 కావాలి, 48 గిగాబిట్లదాకా వెళ్లే తీగ కావాలి, ప్రొజెక్టర్ కూడా మారాలి. ఎప్పటికి అవుతుందో. పైపులో కేబుల్ పక్కనే ఒక నైలాన్ తాడు మాత్రం లాగి ఉంచాను, రెండు కొసలూ గోడ బయట ముడేసి.