1994 బుల్లెట్‌కు హెడ్‌లైట్ మార్చాక మూడేళ్లు

ఈ బుల్లెట్ 350 మా నాన్న 1994లో కొన్నది. ఇప్పుడు దాని మీదే నేను రోజూ నెల్లూరు వెళ్లి, రాత్రి తొమ్మిది దాటాక పొదలకూరు రోడ్డు మీదుగా ఇంటికొస్తాను. ఊళ్లు దాటితే చీకటే. కోతల రోజుల్లో వెనక లైటు లేని వడ్ల ట్రాక్టర్లు, రోడ్డు మీద పడుకున్న బర్రెలు. పాత 35 వాట్ల బల్బుతో అవి దగ్గరికొచ్చేదాకా కనపడేవి కావు. ఒక రాత్రి ట్రాక్టరు తొట్టికి రెండు గజాల దూరంలో బండి ఆపాను. ఇంటికెళ్లాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

మొదట ఎల్ఈడీ బల్బు వేశాను. గోడ మీద పడితే తెల్లగా, బ్రహ్మాండంగా ఉంది. రోడ్డు మీద మాత్రం తేలిపోయింది. పాత డూమ్‌ను, అంటే బల్బు వెలుగును రోడ్డు మీదికి మళ్లించే గిన్నె లాంటి అద్దాన్ని, ఫిలమెంటు ఉండే చోటును బట్టి తయారు చేశారు. ఎల్ఈడీ వెలుగు అక్కడి నుంచి రాకపోయేసరికి చెట్ల మీదికీ, ఎదుటివాళ్ల కళ్లలోకీ చెదిరిపోయింది. నవంబరు వానల్లో తడి తారు మీద ఆ తెల్ల వెలుగు అసలు ఆనలేదు. ఐదు నెలలకు తీసేశాను.

అప్పుడు మా ఊరి పెద్ద మెకానిక్ మీటరు పెట్టి చూశాడు. బ్యాటరీ దగ్గర 12.4 వోల్టులు, బల్బు దగ్గర 10.6. "బల్బుది కాదబ్బయా తప్పు, కరెంటు అక్కడిదాకా రావడంలా" అన్నాడు. నాకు అసలు సంగతి అర్థమైంది అప్పుడే. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. దాదాపు ముప్పై ఏళ్ల వైర్లు, స్విచ్చి, తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారి) కలిసి నా వెలుగును తినేశాయి.

డిమ్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి రెండు రిలేలు (స్విచ్చి వేస్తే బ్యాటరీ కరెంటును పాత వైర్ల గుండా కాక నేరుగా బల్బుకు పంపేవి), బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు, విడిగా ఎర్త్, కొత్త ఏడంగుళాల డూమ్, బ్రైట్‌కు 60, డిమ్‌కు 55 వాట్ల హెచ్4 రకం హాలోజన్ బల్బు వేయించాను. కూలీతో కలిపి రెండు వేల లోపే అయింది. నాది 12 వోల్టుల బండి. 6 వోల్టుల బండ్లకు ఈ బల్బు పనికిరాదు. బిగించేటప్పుడు బల్బు గాజును వేళ్లతో తాకకండి, జిడ్డు అంటితే తొందరగా పోతుంది. తర్వాత నేను బండి మీద కూర్చుని, గోడకు 25 అడుగుల దూరంలో డిమ్ వెలుగు పై అంచు లైటు ఎత్తు కన్నా రెండంగుళాలు కిందికి పడేలా సరిచేశాం. ఈ పని మాత్రం వదలొద్దు. ఎదుటివాళ్లు లైటు కొట్టి తిట్టడం ఆ రోజుతో ఆగింది.

మూడేళ్లలో ఒక్క బల్బు మార్చాను, ఇంజిను అదురుకు ఫిలమెంటు తెగింది. పసుపు వెలుగే అయినా వానలో గుంట అంచు స్పష్టంగా కనిపిస్తోంది. బర్రె కళ్ల మెరుపు చాలా దూరం నుంచే తెలుస్తుంది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. ఆత్మకూరు బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో బండి ఐడిల్‌లో ఉంటే అమ్మీటరు ముల్లు మైనస్ వైపు వెళ్తుంది, అంటే బ్యాటరీ ఖర్చవుతోందన్నమాట. ఆ వేగంలో ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు ఈ బల్బుకు చాలదు. అందుకని బండి ఆగినంతసేపూ హెడ్‌లైట్ పైన అటూ ఇటూ ఉండే చిన్న పైలట్ లైట్లు రెండే ఉంచుతాను, కదిలాక హెడ్‌లైట్ వేస్తాను. బ్యాటరీ ఇంతవరకు దిగిపోలేదు.