చప్పుళ్ల వెర్బ్స్ నేర్చుకోడానికి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ

బజ్, హిస్, క్రంచ్, రంబుల్ లాంటి చప్పుడులోంచి పుట్టిన ఇంగ్లీష్ వెర్బ్స్‌ని రోజువారీ మాటల్లో ఎలా వాడతారో తెలుసుకోవాలంటే నేను ముందు చెప్పే పేరు ఇదే, వెబ్‌సైట్‌లో ఫ్రీగా చూసుకోవచ్చు. హార్న్‌బీ అనే ఆయన జపాన్‌లో ఇంగ్లీష్ పాఠాలు చెప్పేవాడు, ఆయన తోటివాళ్లతో కలిసి చేసిన డిక్షనరీ 1942లో టోక్యోలో వచ్చింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు వేశారు, పదో ఎడిషన్ 2020లో వచ్చింది. అంటే మొదట్నుంచీ ఇంట్లో ఇంగ్లీష్ మాట్లాడని మనలాంటోళ్ల కోసమే చేశారు, ఎంట్రీలు చదువుతుంటే అది తెలిసిపోతుంది.

అసలు సంగతి ఏంటంటే, మనం "బుల్లెట్ చెవి పక్కనుంచి జుయ్యిమని దూసుకుపోయింది" అంటాం, చప్పుడు వేరు, దూసుకుపోవడం వేరు, రెంటినీ మధ్యలో "మని" కలుపుతుంది. ఇంగ్లీష్‌లో ఆ రెండూ ఒక్క వెర్బే మోస్తుంది, "ఎ బుల్లెట్ విజ్డ్ పాస్ట్ మై ఇయర్" అంతే, వెళ్లిందని ఇంకో వెర్బ్ అక్కర్లేదు. కారు కీచుమంటూ ఆగితే "స్క్రీచ్డ్ టు ఎ హాల్ట్", ట్యాంకులు రోడ్ల మీద దడదడలాడుతూ పోతే "రంబుల్డ్ త్రూ ద స్ట్రీట్స్". మనకీ గలగలలాడు, చిటపటలాడు ఉన్నాయి గానీ వాటికి ఇంకో క్రియ తగిలించకపోతే ఎవరూ ఎక్కడికీ కదలరు. అందుకే మనోళ్లు చాలామంది "ద కార్ స్టాప్డ్ విత్ ఎ బిగ్ సౌండ్" అంటారు, తప్పేం కాదు, చప్పగా ఉంటుంది అంతే. ఈ డిక్షనరీ ఏం చేస్తుందంటే రంబుల్ లాంటి వాటికి కదలిక అర్థాన్ని విడిగా ఇంకో నంబర్ కింద ఇచ్చి, వెనకాల అడ్వర్బ్ గానీ ప్రిపొజిషన్ గానీ రావాలని చిన్న గుర్తు పెడుతుంది. దయచేసి ఆ గుర్తు చూడకుండా దాటేయకండి, వాడకం అంతా అక్కడే ఉంది.

దగ్గరి మాటల మధ్య తేడా కూడా బాగా తెలుస్తుంది. గాజు గ్లాసులు తగిలితే క్లింక్, ఇనుప ముక్కలు ఒకదానికొకటి కొట్టుకుంటే క్లాంక్, లోహాన్ని కొడితే గంటలా మోగేది క్లాంగ్. కొన్ని ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీల్లో ఈ మూడింటికీ "శబ్దము చేయు" అని రాసి ఊరుకుంటారు, దాంతో చదివేవాడికి ఏం ఒరుగుతుంది చెప్పండి. చప్పుడుతో సంబంధం తెగిపోయిన వాడకాలు కూడా ఉన్నాయి, ఇద్దరికి చూడగానే కుదిరిపోతే క్లిక్ అంటారు, అర్థంకానిది టక్కున వెలిగినా క్లిక్కే.

బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ ఆడియోలో వినొచ్చు. అది మాట పలికే తీరు మాత్రమే, సిజిల్ అని నొక్కితే వేడి నూనె చప్పుడు కూడా వినిపిస్తే పిల్లలకి ఎంత బాగుండేదో అని నాకు గట్టిగా ఉంది.

ప్రింట్ పుస్తకం బాగా బరువు, ఇంట్లో టెన్త్, ఇంటర్ పిల్లలుంటే కొనండి, మిగతావాళ్లకి సైట్ చాలు. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర.