మాస్టర్ ఆఫ్ ఓరియన్ 2: మొదట్లో సైంటిస్టులు ఎందరు, ఎప్పుడు?

గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్ ఉండి, కాస్త బుర్రపెట్టి ఆడే ఆట కావాలంటే మాస్టర్ ఆఫ్ ఓరియన్ 2 తీసుకోండి. అంతరిక్షంలో ఒక జాతిని ఎంచుకుని, ఒక్కో గ్రహాన్నీ చేజిక్కించుకుంటూ సామ్రాజ్యం కట్టే ఆట. 1996 నాటిది, సిమ్‌టెక్స్ వాళ్లు తయారుచేస్తే మైక్రోప్రోజ్ విడుదల చేసింది, ఇప్పుడు జీఓజీ (GOG) అనే ఆన్‌లైన్ గేమ్‌ల దుకాణంలో మొదటి భాగంతో కలిపి ఒకే ప్యాక్‌గా దొరుకుతుంది. మే నెలలో తిరుపతి ఎండకి మధ్యాహ్నం గడప దాటలేం కాబట్టి, చిత్తూరు నుంచి మా బామ్మర్ది సెలవులకి వచ్చాడంటే ఇద్దరం ఒకే ల్యాప్‌టాప్ మీద హాట్‌సీట్‌లో దీన్నే ఆడతాం. నా టర్న్ అయ్యాక వాడి చేతికిస్తాను, వాడిది అయ్యాక నా చేతికొస్తుంది. టర్న్ బేస్డ్ ఆట, మధ్యలో లేచి భోంచేసి వచ్చినా ఎవరూ మనమీద దాడి చేయరు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఆట తొలి ఘట్టం, అంటే స్టార్‌డేట్ (ఆటలోని తేదీ) 3500.0 దగ్గర మొదలై రెండో మూడో గ్రహం చేతికొచ్చే దాకా. యుద్ధాలు తర్వాత ఎలాగూ వస్తాయి, కానీ ఎవరు గెలవబోతున్నారన్నది చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. అది తేల్చేది రీసెర్చ్, అంటే పాయింట్లు కూడబెట్టి కొత్త టెక్నాలజీలు కనిపెట్టడం.

లెక్క చాలా సింపుల్. జనాభాలో ఒక్కో యూనిట్‌ని రైతుగానో, వర్కర్‌గానో, సైంటిస్టుగానో పెట్టాలి. మామూలు జాతికి మామూలు గ్రహం మీద రైతు 2 తిండి పండిస్తాడు, వర్కర్ 3 ప్రొడక్షన్ ఇస్తాడు, సైంటిస్టు 3 రీసెర్చ్ పాయింట్లు ఇస్తాడు, ఒక్కొక్కరూ 1 తిండి తింటారు. అంటే మొదట్లో ఉండే ఎనిమిది యూనిట్లలో సగం మంది పొలంలో ఉండాల్సిందే. మిగిలిన నలుగురిని ఏం చేయాలన్నదే మా ఇంట్లో గొడవ.

మా బామ్మర్ది ఎప్పుడూ ఇద్దరిని వర్కర్లుగా, ఇద్దరిని సైంటిస్టులుగా పెడతాడు. "బావా, అందర్నీ సైంటిస్టులు చేస్తే నౌకలు యాడ నుంచి వస్తాయి?" అంటాడు. మాట సబబుగానే ఉంటుంది, కానీ ఒకసారి అంకెలు చూడండి. ప్రొడక్షన్ పెంచే ఆటోమేటెడ్ ఫ్యాక్టరీ కావాలంటే ముందు అడ్వాన్స్‌డ్ ఇంజనీరింగ్ 80 పాయింట్లు, ఆ తర్వాత అడ్వాన్స్‌డ్ కన్‌స్ట్రక్షన్ 150, మొత్తం 230. నలుగురినీ రీసెర్చ్‌లో పెడితే టర్న్‌కి 12 వస్తాయి, దాదాపు 20 టర్న్‌లలో అయిపోతుంది, మధ్యలో జనాభా పెరిగితే ఇంకా ముందే. ఇద్దరితో అయితే దానికి రెట్టింపు. ఆ లోపల వాడి ఇద్దరు వర్కర్లు చేసే ప్రొడక్షన్ 230 చిల్లర, కొత్త గ్రహంలో జనాన్ని దింపే కాలనీ షిప్ ఒక్కదానికే 500 కావాలి! సగం షిప్ కూడా రాదు.

అసలు సంగతేంటంటే ఈ ఆటలో ఒకే గ్రహం మీద వర్కర్‌ని సైంటిస్టుగా, సైంటిస్టుని వర్కర్‌గా మార్చడానికి ఖర్చు లేదు, ఆ టర్న్‌లోనే మారిపోతారు. వేరే గ్రహానికి పంపాలంటేనే ఫ్రైటర్లు (రవాణా నౌకలు) కావాలి, టైమ్ పడుతుంది. మా బామ్మర్ది వాళ్లకి తోతాపురి మామిడి తోట ఉంది కాబట్టి వాడికి అట్లనే చెప్పా, కాయ దింపే రోజు కూలీలందరూ ఆ పని మీదే ఉంటారు కదరా, సగం మందిని పాదులు తవ్వమని పంపిస్తారా అని. ఫ్యాక్టరీ టెక్నాలజీ వచ్చేదాకా అందరూ సైంటిస్టులు, వచ్చిన టర్న్‌లోనే నలుగురూ వర్కర్లు. ఫ్యాక్టరీ ఖరీదు 60, టర్న్‌కి 12 చొప్పున 5 టర్న్‌లు. అది లేచాక గ్రహానికి 5, ఒక్కో వర్కర్‌కి 1 అదనంగా వస్తుంది, అదే నలుగురు 21 ఇస్తారు (పొల్యూషన్ కింద కొంత పోతుంది, అది వేరే). అప్పుడు మళ్లీ అందరూ రీసెర్చ్‌లోకి, ఆప్ట్రానిక్స్ 150 పాయింట్లు, అందులో రీసెర్చ్ ల్యాబొరేటరీ. దానికీ 60 ప్రొడక్షనే, కానీ ఇప్పుడు ఫ్యాక్టరీ ఉంది కాబట్టి మూడు నాలుగు టర్న్‌లలో లేస్తుంది. ల్యాబ్ కూడా 5 ప్లస్ సైంటిస్టుకి 1 చొప్పున కలుపుతుంది, 12 వచ్చేచోట 21. ల్యాబ్ ముందా ఫ్యాక్టరీ ముందా అని అడిగితే నేను మాత్రం ఫ్యాక్టరీయే అంటాను, కట్టే సత్తువ లేకుండా టెక్నాలజీ తెలిసి ఏం లాభం.

ఇంకో గొప్ప డిజైన్ ఏంటంటే రీసెర్చ్‌లో ఒక్కో మెట్టులో ఉన్న టెక్నాలజీల్లో ఒక్కటే మీకు దక్కుతుంది. ఆటోమేటెడ్ ఫ్యాక్టరీ తీసుకుంటే రక్షణకి పనికొచ్చే మిసైల్ బేస్, హెవీ ఆర్మర్ వదులుకోవాలి. ఆ క్షణంలో నిజంగానే టెన్షన్ వస్తుంది, ఎందుకంటే పక్క నక్షత్రంలో ఎవరున్నారో ఇంకా తెలియదు. ఆవరేజ్ స్టార్ట్ (ఆట మొదట్లో ఎంచుకునే మధ్యస్థ స్థాయి)లో సొంత గ్రహానికి కాపలాగా స్టార్ బేస్ ముందే ఉంటుంది కాబట్టి ధైర్యంగా ఫ్యాక్టరీయే తీసుకోండి. వదిలేసినవి తర్వాత పక్క జాతితో మార్పిడి చేసుకోవచ్చు, గూఢచారులతో కాజేయొచ్చు, వాళ్ల గ్రహాన్ని పట్టుకుంటే కూడా రావచ్చు.

జాతిని బట్టి లెక్క మారుతుంది. సైలాన్లు క్రియేటివ్, ప్రతి మెట్టులో అన్నీ వాళ్లవే, పైగా సైంటిస్టుకి 2 ఎక్కువ, కొత్తగా ఆడేవాళ్లకి వీళ్లే హాయి. క్లాకన్లు అన్‌క్రియేటివ్, ఏది దొరుకుతుందో మన చేతిలో ఉండదు, కానీ ఫ్యాక్టరీ పనిలో వాళ్లని మించినవాళ్లు లేరు. సక్రాలది ఫ్యూడల్ ప్రభుత్వం, రీసెర్చ్ సగానికి పడిపోతుంది, అయితే జనాభా తెగ పెరుగుతుంది. మనుషులది డెమోక్రసీ, రీసెర్చ్ 50 శాతం ఎక్కువ. సొంతంగా జాతిని తయారుచేసుకుంటే 10 పాయింట్లలో క్రియేటివ్ ఒక్కటే 8 తినేస్తుంది. రెండు ఆటలు అయ్యాక అది లేకుండా డెమోక్రసీతో ఆడి చూడండి, ఎంచుకోవడంలో ఉన్న మజా అప్పుడే తెలుస్తుంది.

లోపాలు లేవని కాదు. 640×480 తెర, బొమ్మలు ఇప్పటి కళ్లకి ముతకగా అనిపిస్తాయి. ఇరవై గ్రహాలు దాటాక ప్రతిదానికీ ఏం కట్టాలో చెప్పీ చెప్పీ విసుగొస్తుంది, చివరి భాగం సాగదీసినట్టు ఉంటుంది. కంప్యూటర్ ఆటగాళ్లు నిన్నటిదాకా స్నేహంగా ఉండి కారణం లేకుండా యుద్ధం ప్రకటిస్తారు. మధ్యలో ఆంటారన్లు అనే బలమైన శత్రు జాతి వచ్చి పడటం నచ్చకపోతే ఆట మొదలుపెట్టేటప్పుడే వాళ్లని ఆపేసే ఆప్షన్ ఉంది, మొదటిసారి ఆడేవాళ్లు అలాగే ఆపేసి, చిన్న గెలాక్సీ, ఆవరేజ్ స్టార్ట్ పెట్టుకుని మొదలుపెట్టండి.