కుంకుడు రసమా, శీకాయ పొడా, షాంపూనా: తలంటుకు ఏది మేలు?

తల రుద్దుకోవడానికి తెలుగిళ్ళలో ఇప్పుడు మూడు దారులున్నాయి: కుంకుడుకాయలు నానబెట్టి పిసికి తీసిన రసం, నాలుగు దినుసులు కలిపి మర పట్టించిన శీకాయ పొడి, సీసాలోనో చిన్న ప్యాకెట్‌లోనో వచ్చే షాంపూ. వీటిలో ఏది మంచిదన్న చర్చ సాధారణంగా ‘సహజం’, ‘రసాయనం’ అన్న రెండు మాటల చుట్టూనే తిరుగుతుంది. ఆ విభజనతో తేలేది చాలా తక్కువని నా అభిప్రాయం. తలకు ఏ నూనె, ఎంత పెట్టుకున్నాం, జుట్టు పొడిబారేదా జిడ్డు పట్టేదా, తెల్లవారి ఆఫీసుకో బడికో పరుగెత్తే రోజా, తీరిక ఉన్న ఆదివారమా అన్న ప్రశ్నలు వేసుకుంటే సమాధానం త్వరగా దొరుకుతుంది; అది అందరికీ ఒకటే కాదు, ఒకే మనిషికి అన్ని రోజులూ ఒకటే కూడా కాదు.

జిడ్డు వదలగొట్టే పద్ధతి మాత్రం మూడింటిలోనూ ఒకటే. కుంకుడుకాయ గుజ్జులోనూ, శీకాయ తొక్కలోనూ సాపోనిన్లు అనే పదార్థాలు ఉంటాయి. వాటి అణువులో ఒక భాగం నీటిని, మరొక భాగం నూనెను అంటిపెట్టుకుంటుంది కాబట్టి, మాడు మీది జిడ్డును అవి చిన్న చిన్న బిందువులుగా విడగొట్టి నీళ్ళతో పాటు కొట్టుకుపోయేలా చేస్తాయి. షాంపూలో సోడియం లారెత్ సల్ఫేట్ వంటి పదార్థాలు చేసే పని కూడా ఇదే. అలాగే, సహజమైనది కాబట్టి హాని చేయదన్న మాట కూడా నిలవదు. కుంకుడు జాతి కాయలను నీటిలో కలిపి చేపలను మత్తెక్కించి పట్టే అలవాటు పూర్వం పలుచోట్ల ఉండేది. చేపల మొప్పలను దెబ్బతీసేది ఈ సాపోనిన్లే.

ముందుగా కుంకుడు రసం సంగతి చూద్దాం. భుజాల కిందికి దిగే జుట్టుకు పది పన్నెండు కాయలు సరిపోతాయి. కాయను గుండ్రాయితో ఒక్క దెబ్బ కొడితే పెంకు పగిలి నల్లటి గింజ బయటపడుతుంది. గింజను తీసివేసి, తేనె రంగులో ముడతలు పడి జిగటగా ఉండే తొక్కను మాత్రమే రెండు గ్లాసుల వేడినీళ్ళలో వేయాలి. రాత్రే నానబెట్టుకుంటే మంచిది, లేకపోతే కనీసం అరగంట నాననివ్వాలి. ఆ తరువాత చేత్తో గట్టిగా పిసికితే నురుగు గిన్నె అంచు దాటి పొంగుతుంది. దానిని పలుచని గుడ్డతో వడకట్టడం తప్పనిసరి. వడకట్టని రసం వాడి, పెచ్చులు జుట్టులో ఇరుక్కున్నాక దువ్వెనతో తంటాలు పడేవారే ఎక్కువగా కుంకుడు పేరెత్తితే విసుక్కుంటారు. నాలుగైదు మందారాకులను నలిపి అదే నీళ్ళలో వేసి పిసికితే, ఆకుల జిగురు దిగి రసం కొంచెం చిక్కబడుతుంది, జుట్టు ఆరాక చిక్కు తీయడం తేలికవుతుంది. జుట్టు పొడిబారే తత్వం ఉన్నవారు ఈ ఆకులను వదలకూడదు, ఎందుకంటే కుంకుడు ఒక్కటే వాడితే జిడ్డును కాస్త అతిగానే లాగేస్తుంది.

కుంకుడుకు సాటిలేని సందర్భం ఏదంటే, తల నిండా నూనె పెట్టుకుని చేసే తలంటు. నరక చతుర్దశి నాడో, భోగి నాడో, ఉగాది నాడో నువ్వుల నూనెతో మాడు మర్దనా చేసి, చెవుల వెనుక నుంచి మెడ దాకా కారేంతగా పట్టించాక, ఆ నూనెను వదలగొట్టడానికి షాంపూ అయితే రెండుసార్లు, ఒక్కొక్కసారి మూడుసార్లు రుద్దవలసి వస్తుంది. ఆముదం పెట్టుకున్నవారి అవస్థ ఇంకా ఎక్కువ. ఆముదం చాలా చిక్కనిది కాబట్టి మొదటిసారి రుద్దినప్పుడు నురుగే రాదు. వెచ్చటి కుంకుడు రసం పోసి, రెండు నిమిషాలు ఓపికగా రుద్ది, మళ్ళీ ఒక చెంబు రసం పోస్తే ఈ జిడ్డు దిగిపోతుంది. మొదటి విడతలో నురుగు రాకపోతే కంగారు పడనక్కరలేదు. నూనె ఉన్నంతసేపు నురుగు రాదు, రెండో విడతలో నురుగు నిలబడిందంటే జిడ్డు వదిలినట్టే.

కుంకుడుకు ఉన్న పెద్ద లోపం కళ్ళ మంట. తలంటు పోసుకునే పిల్లల చేతిలో ఉప్పు కల్లు పెట్టి నాకమనడం మన ఇళ్ళలో పాత అలవాటు. ఉప్పుకు మంట తగ్గించే శక్తి ఉందని నేను నమ్మను గానీ, ఏడుపు లంకించుకున్న పిల్లవాడి ధ్యాస మళ్ళించే శక్తి మాత్రం దానికి నిస్సందేహంగా ఉంది. కంట్లో రసం పడితే వెంటనే చల్లటి మంచినీళ్ళతో బాగా కడగాలి. ఆ తరువాత కూడా ఎరుపు, మంట తగ్గకపోతే కంటి డాక్టరుకు చూపించాలి. తల వెనక్కి వంచుకుని రసం పోయించుకునే వీలు లేని పసిపిల్లలకు కుంకుడు వాడకపోవడమే మంచిది. వారి విషయంలో, కళ్ళు మండకుండా తయారుచేసిన పిల్లల షాంపూ అన్ని విధాలా మేలైన ఎంపిక. ఇందులో సంప్రదాయం పేరుతో పట్టుదలకు పోవడం అనవసరం.

శీకాయకు వస్తే, దాని తత్వం వేరు. నురుగు తక్కువ, శుభ్రం చేసే తీరు నెమ్మది. అందువల్ల కొద్దిగా కొబ్బరినూనె రాసుకుని వారానికి ఒకసారో రెండుసార్లో తల రుద్దుకునేవారికి, ముఖ్యంగా జుట్టు పొడిగా, చివర్లు చిట్లుతూ ఉండేవారికి, నేను కుంకుడు కంటే శీకాయనే సూచిస్తాను. ఇంట్లో పొడి చేయించుకోవాలంటే కిలో శీకాయలకు పావుకిలో పెసలు, పావుకిలో మెంతులు, ఎండిన మందారపూలు రెండు గుప్పిళ్ళు, ఎండు కరివేపాకు ఒక గుప్పెడు లెక్క పెట్టుకోవచ్చు. శీకాయలను గింజలు గలగలలాడేంత వరకు, విరిస్తే టక్కున విరిగేంత వరకు ఎండలో పెట్టాలి. తడి ఏమాత్రం ఉన్నా పొడి మెత్తగా రాదు, పురుగు కూడా త్వరగా పడుతుంది. పెసలు పొడికి ఒత్తునిచ్చి జిడ్డును పీల్చుకుంటాయి, మెంతుల జిగురు వెంట్రుకల మీద పలుచని పొరలా నిలిచి దువ్వెన జారేలా చేస్తుంది. సువాసన కోసం వట్టివేళ్ళు, గంధ కచ్చూరాలు వేసేవారున్నారు; వేస్తే బాగుంటుంది, వేయకపోయినా నష్టం లేదు.

ఎండబెట్టడం కంటే మర పట్టించడమే కష్టం. శీకాయ ఘాటుకు మరలో ఉన్నవారందరికీ తుమ్ములు పట్టుకుంటాయి. ఆ తరువాత వచ్చినవారి గోధుమపిండికి చేదు అంటుకుంటుంది. అందుకే చాలా పిండిమరల వాళ్ళు శీకాయ సంచి చూడగానే చేతులు అడ్డంగా ఊపుతారు. పసుపు, కారం, శీకాయలకు వేరే మర ఉన్నచోట పట్టించుకోవాలి. ఇంట్లో మిక్సీలో వేయదలచినవారు కొంచెం కొంచెంగా వేసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, మూత తీయడానికి ముందు రెండు నిమిషాలు ఆగాలి. ఆస్తమా ఉన్నవారు ఈ పని ఇంకొకరికి అప్పగించడం మంచిది.

వాడే పద్ధతి తెలియకపోవడం వల్లనే శీకాయకు చెడ్డపేరు వస్తున్నది. పొడిని నేరుగా తడి జుట్టు మీద చల్లుకుంటే అది కుదుళ్ళలో చేరి ఇసుకలా నిలిచిపోతుంది. మూడు చెంచాల పొడిని గోరువెచ్చని గంజిలో కలిపి, పావుగంట నానాక పలుచని జావలా చేసుకుని మాడుకు పట్టించాలి. గంజి వల్ల పొడి జుట్టుకు అతుక్కోకుండా సులువుగా జారిపోతుంది. అయినప్పటికీ కడిగేందుకు నీళ్ళు ఎక్కువే కావాలి, అపార్ట్‌మెంట్ స్నానాలగదుల్లో జాలీ మీద మడ్డి పేరుకుంటుంది. నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే వేసవి నెలల్లో ఇది చిన్న విషయం కాదు. ఈ ఒక్క కోణంలో, వడకట్టిన కుంకుడు రసమే శీకాయ పొడి కంటే నయం.

ఇక్కడ శీకాయ సబ్బుల గురించి ఒక మాట చెప్పాలి. పేరులో శీకాయ ఉన్నంత మాత్రాన సబ్బు బిళ్ళ శీకాయ అయిపోదు. అది నూనెను క్షారంతో కలిపి చేసిన మామూలు సబ్బే. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పి.హెచ్. విలువ (7 కంటే ఎక్కువైతే క్షారం, తక్కువైతే ఆమ్లం) మామూలుగా దానికి 9, 10 దగ్గర ఉంటుంది. కుంకుడు రసం, శీకాయ జావ కొద్దిగా ఆమ్ల గుణం కలవి. మన మాడు చర్మం కూడా ఆమ్ల గుణం కలదే. క్షారం తగిలినప్పుడు వెంట్రుక పైపొరలోని పొలుసులు లేచి నిలబడి, జుట్టు గరుకుగా, చిక్కుపడేలా తయారవుతుంది. దీనికి తోడు బోరునీళ్ళ సమస్య ఉంది. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 నీటి కఠినత్వానికి, అంటే అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదుకు, లీటరుకు 200 మిల్లీగ్రాములను ఆమోదయోగ్యమైన పరిమితిగా, వేరే నీరు దొరకనప్పుడు 600 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా పెట్టింది. బక్కెట్ల అంచున తెల్లటి పొర కట్టే బోరునీళ్ళలో సబ్బు వాడితే, నీటిలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టుగా మారి జుట్టుకు అతుక్కుంటాయి. కుంకుడు, శీకాయ, షాంపూ ఈ మూడింటికీ ఆ తెట్టు బాధ ఉండదు. కాబట్టి ఈ పోలికలో నేను పూర్తిగా తోసిపుచ్చేది తలకు సబ్బు వాడడాన్నే.

షాంపూ మన పల్లెలకు చేరింది చిన్న ప్యాకెట్ల వల్ల. 1983లో తమిళనాడులోని కడలూరులో మొదలైన చిక్ వంటి కంపెనీలు ఒక్క స్నానానికి సరిపడే ప్యాకెట్లను కిరాణా కొట్లలో దండల్లా వేలాడదీశాక, తల రుద్దుకోవడం ఆదివారపు తంతు కాకుండా పోయింది. దాని సౌలభ్యాన్ని తక్కువ చేసి మాట్లాడడం సరికాదు. హెల్మెట్ పెట్టుకుని రోజూ గంటసేపు దుమ్ములో తిరిగేవారికి, వారంలో మూడుసార్లు తల తడపక తప్పని ఉద్యోగులకు, నూనె రాయని జుట్టుకు షాంపూయే తగినది. అలాంటి జుట్టుకు మాటిమాటికీ కుంకుడు వాడితే గడ్డిలా పొడిబారుతుంది. అయితే చాలామంది షాంపూను అవసరానికి మించి పోసుకుంటారు; అరచేతిలో చిన్న నాణెమంత పోసుకుని, చెంబెడు నీళ్ళలో కలిపి మాడుకే పట్టించి, జుట్టు చివర్లకు జారే నురుగును మాత్రమే తగలనిస్తే ఖర్చూ తగ్గుతుంది, చివర్లూ పొడిబారవు.

చుండ్రు విషయంలో ఇంటి చిట్కాలను నమ్ముకుని నెలలు గడపడం మంచిది కాదు. చుండ్రుకు మలసీజియా అనే శిలీంధ్రంతో సంబంధం ఉంది. అది మాడు మీది నూనెనే ఆహారంగా తీసుకుంటుంది. అందువల్ల ‘పొడిబారి రాలుతున్నది’ అనుకుని మరింత నూనె పట్టిస్తే పరిస్థితి ముదరవచ్చు. పొట్టు రాలడం ఎక్కువగా ఉన్నప్పుడు డాక్టరు సలహాతో శిలీంధ్రాన్ని అణచే కీటోకొనజోల్ ఉన్న మందు షాంపూ వాడడం సరైన మార్గం. అది తగ్గాక కుంకుడుకో శీకాయకో తిరిగి వెళ్ళవచ్చు.

బజారులో దొరికే ‘కుంకుడు, శీకాయ, ఉసిరి’ కలిపిన తయారీ పొడుల గురించి నాకు పెద్ద సదభిప్రాయం లేదు. కుంకుడును వడకట్టుకోవడంలో ఉన్న సుఖం వాటిలో ఉండదు, ఏది ఎంత పాలు కలిపారో తెలియదు. కాయలే కొనుక్కోవడం మంచిది. ఆంధ్రప్రదేశ్‌లో 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ మన్యంలోని గిరిజనుల నుంచి కుంకుళ్ళు, శీకాయ వంటి అటవీ ఉత్పత్తులను సేకరిస్తుంది. కొనేటప్పుడు కాయ ముడతలు పడి, మెరుస్తూ, నొక్కితే కొద్దిగా అతుక్కునేటట్టు ఉండాలి. నల్లబడి బూజు వాసన వేసేవి వద్దు. విదేశాల్లో ఉన్నవారు ఊరి నుంచి తీసుకువెళ్ళదలిస్తే గింజలు తీసి ఎండబెట్టిన తొక్కలనే తీసుకువెళ్ళి, మొక్కల పదార్థాలను ప్రకటించవలసిన దేశాల్లో విమానాశ్రయంలోనే చెప్పడం మంచిది.

నిల్వ విషయంలో మాత్రం షాంపూదే పైచేయి. కుంకుడు రసం ఒక రోజు బయట ఉంటే పులిసి వాసన వేస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజుల్లో వాడేయాలి. కానీ ఆ రసం, రసం తీశాక మిగిలిన పిప్పి తలకు మించి కూడా పనికివస్తాయి. వెండి కుందులను, రాగి చెంబులను ఆ పిప్పితో రుద్దితే జిడ్డు పోతుంది. రాగి మీద నల్లబడిన మచ్చలకు మాత్రం చింతపండు కావాలి. పలుచని కుంకుడు నీళ్ళలో పట్టుచీరను ఐదు నిమిషాలు ముంచి, పిండకుండా నీడలో ఆరవేయవచ్చు. మొదటిసారి ముంచే ముందు కొంగు లోపలి అంచును తడిపి తెల్లగుడ్డతో అద్ది, రంగు దిగడం లేదని చూసుకోవాలి. ముత్యాలు పొదిగిన నగలను మాత్రం ఈ నీళ్ళలో నానబెట్టకూడదు.