‘ఎవరికీ తెలియని జలపాతం’ ప్యాకేజీకి డబ్బులు కట్టేముందు ఇది చదవండి

వానాకాలంలో హైదరాబాద్ నుంచి వీకెండ్ ట్రిప్పులకు వెళ్లేవాళ్లు, ముఖ్యంగా పిల్లల్ని తీసుకెళ్దామనుకునేవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి. పోయిన జూలైలో మా కుటుంబానికి జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను.

ఫోన్‌లో ఒక రీల్ చూశాం. పచ్చటి అడవి, పైనుంచి సన్నటి ధార, అడుగున రాళ్లు కనబడేంత తేటగా ఉన్న మడుగు. చుట్టూ ఒక్క మనిషి లేడు. ఈత కొట్టే కొలను, లైఫ్ జాకెట్లు, లోకల్ గైడ్, టిఫిన్, భోజనం అన్నీ కలిపి మనిషికి 2,800 రూపాయలు. నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల మా బాబు, మా బావమరిది, నలుగురికి 11,200 కట్టాం. జలపాతం పేరేంటని ఫోన్లో అడిగితే, ‘సస్పెన్స్ సార్, బస్సులో చెప్తాం. ముందే చెప్తే జనం ఎగబడి పాడు చేస్తారు’ అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. పేరు దాచడానికి అసలు కారణం వేరే ఉంది. అది అటవీశాఖ ఎవరినీ వెళ్లనివ్వని చోటు. పేరు తెలిస్తే ఆ సంగతి ఎవరైనా రెండు నిమిషాల్లో కనుక్కుంటారు, ఒక్క సీటు కూడా అమ్ముడుపోదు.

శనివారం రాత్రి ఉప్పల్లో బస్సెక్కాం. తెల్లవారకముందే ములుగు జిల్లా వెంకటాపురం వైపు ఒక మట్టిరోడ్డు దగ్గర దింపారు. ‘గట్టిగా మాట్లాడకండి, టార్చిలైట్లు వెయ్యకండి, త్వరగా నడవండి’ అన్నారు. అప్పుడైనా వెనక్కి తిరగాల్సింది. ముప్ఫై రెండు మందిమి, అందరికీ కలిపి లైఫ్ జాకెట్లు నాలుగు. వాటిలో రెండింటికి బకిల్ లేదు. లోకల్ గైడ్ అన్నది ఇరవై ఏళ్లు కూడా నిండని ఒక పిల్లవాడు. అతని దగ్గర తాడు లేదు, మందులపెట్టె లేదు. దారిలో రెండు వాగులు దాటాం. మొదటిది చీలమండ దాకా, రెండోది మోకాలి దాకా.

మడుగు రీల్లో ఉన్నట్టు లేదు. ఆ వీడియో వానలు తగ్గాక, ఏ నవంబర్లోనో తీసి ఉంటారు. జూలైలో వాగునీళ్లకు ఆ తేట ఎక్కడిది? అడుగు కనబడదు, రాయి ఎక్కడుందో తెలియదు, రాళ్లన్నీ పాకుడు పట్టి ఉన్నాయి. మా బావమరిది చిన్నప్పటి నుంచి ఊరి బావిలో ఈత కొట్టినవాడు. ఆ ధైర్యంతో ధార కిందికి వెళ్లాడు. బావిలో ఈత వేరు, ధార కింద ఈత వేరు. పైనుంచి పడే నీళ్లు గాలితో కలిసి నురగ అవుతాయి, ఆ నురగ మనిషిని పైకి తేల్చదు. చేతులు ఆడించినా పట్టు దొరకదు. పైగా నీళ్లు లోపలే సుడి తిరిగి మనిషిని మళ్లీ ధార కిందికే లాగుతాయి. రెండుసార్లు మునిగాడు. కాలు రాళ్ల మధ్య ఇరుక్కుంది. ఇద్దరు కుర్రాళ్లు దుప్పట్టా విసిరి లాగితే బయటపడ్డాడు. మోకాలి కింద ఏడు కుట్లు పడ్డాయి. ఇదంతా మా బాబు ఒడ్డున నిలబడి చూశాడు. వాడు ఇప్పటికీ షవర్ కింద నిలబడడు, బకెట్టు నీళ్లతోనే స్నానం చేస్తున్నాడు.

అదే గోలలో ఇంకో సంగతి మేమెవరం గమనించలేదు. మాకు పైన ఎండ కాస్తోంది, నీళ్లు మాత్రం ఎర్రబడుతున్నాయి. ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. మేకలు తోలుకెళ్తున్న ఒక పెద్దాయన అరిచాడు: ‘పైన గుట్టల్ల వాన పడ్డది బిడ్డా, నీళ్లు ఎర్రబడ్డయ్, జల్ది ఎల్లుండ్రి.’ ఈ వాగులు ఛత్తీస్‌గఢ్ సరిహద్దు గుట్టల నుంచి దిగుతాయి. మన నెత్తిన చినుకు పడక్కర్లేదు, అక్కడ పడితే చాలు. మేం రెండో వాగు దగ్గరికి వచ్చేసరికి పొద్దున మోకాలి దాకా ఉన్న నీళ్లు నడుము దాటాయి. గైడ్ పిల్లవాడు ‘చేతులు పట్టుకుని దాటేద్దాం’ అన్నాడు. మేం ఒప్పుకోలేదు. ఉరవడి ఉంటే మోకాలి లోతు నీళ్లే పెద్ద మనిషిని పడేస్తాయి. రక్తం కారుతున్న కాలికి చున్నీ కట్టి, గట్టు మీద నాలుగు గంటలు కూర్చున్నాం. ఫోన్లలో సిగ్నల్ లేదు. ఆ పెద్దాయన ఊళ్లోకి వెళ్లి చెబితే నలుగురు తాడు తెచ్చి, చెట్టుకు కట్టి, నీళ్లు కాస్త తగ్గాక ఒక్కొక్కరినీ దాటించారు. ‘ఎన్నిసార్లు చెప్పినా గిట్లనే వస్తున్రు’ అని తిట్టారు కూడా. తిట్టడం న్యాయమే.

వాళ్ల కోపానికి కారణం ఉంది. 2023 జూలై 26న అదే మండలంలో వీరభద్రవరం దగ్గరి ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన 80 మందికి పైగా పర్యాటకులు తిరుగుదారిలో వాగు పొంగి అడవిలోనే చిక్కుకుపోయారు. వాగు దాటే ప్రయత్నం చేయొద్దు, ఎత్తైన చోటే ఉండండి అని పోలీసులు ఫోన్లో చెబుతూ వచ్చారు. రాత్రికి రాత్రి ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు సహాయక దళం) బృందాలు వెళ్లి బయటికి తెచ్చాయి. జూలై 27 పొద్దుటితో ముగిసిన 24 గంటల్లో అదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. వాళ్లు ఇంకా లోపలే ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించలేను. మేం వెళ్లిన చోటి పేరు మాత్రం రాయను. రాస్తే వెతుక్కుంటూ వెళ్లేవాళ్లుంటారు.

డబ్బుల సంగతి. తిరిగొచ్చాక ఆసుపత్రి ఖర్చు సంగతి పక్కన పెట్టి, మా 11,200 మాకిమ్మన్నాను. ‘మీ సొంత రిస్కు మీద వస్తున్నారని మెసేజ్‌లో రాశాం కదా’ అన్నారు, తర్వాత నంబర్ బ్లాక్ చేశారు. నేను డబ్బు పంపింది ఒక వ్యక్తి సొంత యూపీఐకి. బిల్లు లేదు, జీఎస్టీ నంబర్ లేదు, ఆఫీసు అడ్రసు లేదు. స్క్రీన్‌షాట్లన్నీ దాచాను కాబట్టి 1915 నంబరుకు, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయగలిగాను. మీరూ ఇలాగే మోసపోయి ఉంటే రీలు, ప్రకటన, చాట్, పేమెంట్ రసీదు ఏవీ డిలీట్ చేయకండి. ఇంకో విషయం, అనుమతి లేకుండా రిజర్వు అడవిలోకి వెళ్తే కేసు పెట్టేది ప్యాకేజీ అమ్మినవాడి మీద ఒక్కడి మీదే కాదు, లోపలికి వెళ్లిన మనమీద కూడా.

జలపాతం చూడాలనుంటే అదే జిల్లాలో, వాజేడు మండలంలో బొగత ఉంది. టికెట్టు ఉంటుంది, సిబ్బంది ఉంటారు, నీళ్లు ఎక్కువైతే దిగనివ్వరు. కొన్ని రోజులు పూర్తిగా మూసేస్తారు కూడా. మూసేశారని విసుక్కునేవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇప్పుడు అలా విసుక్కోను. బయల్దేరేముందు తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి.

ఎవరి దగ్గర ప్యాకేజీ కొన్నా ముందు చోటు పేరు అడగండి. అటవీశాఖ అనుమతి కాగితం ఫోటో పంపమనండి. ఎంతమందికి ఎన్ని జాకెట్లు, తాడు ఉందా, వాగు పొంగితే ఇంకో దారి ఉందా అని అడగండి. ‘సస్పెన్స్’ అన్నారంటే అక్కడే ఫోన్ పెట్టేయండి.

నిన్న అదే రీలు మళ్లీ కనబడింది. వచ్చే శనివారం రాత్రి ఉప్పల్ నుంచే బస్సు, మనిషికి ఇప్పుడు 2,500. సీటు తీసుకున్నవాళ్లు ఉంటే, ముఖ్యంగా పిల్లలతో వెళ్తుంటే, దయచేసి మానుకోండి.