ఇరుక్కున్న డ్రెయిన్ ప్లగ్గు: ఇంపాక్ట్ డ్రైవరా, ఈజీ అవుటా?

ఉప్పాడ, భీమిలి తీరాల్లో ఫైబర్ పడవలు నడిపేవారికి అవుట్‌బోర్డు ఇంజను (పడవ వెనుక తగిలించేది) గేరు ఆయిలు మార్చడం పెద్ద పనేమీ కాదు. పాత ఆయిలు దించే కింది ప్లగ్గు తిరగనని మొరాయిస్తేనే చిక్కు. బలమంతా పెట్టి స్క్రూడ్రైవర్ తిప్పితే తలపై గాడి అరిగి నున్నగా తేలుతుంది. అక్కడి నుంచి ఏ దారి పట్టాలన్నదే ప్రశ్న. పడవ రేవులో ఆగిపోయి ఉంటుంది కాబట్టి తొందర సహజమే. కానీ ప్లగ్గు చౌక, గేర్లుండే పెట్టె, అంటే గేరు కేసు, ఖరీదు. ఏ పద్ధతినైనా ఈ లెక్కతోనే తూచాలి.

ఇరుక్కోవడానికి కారణం చాలావరకు ప్లగ్గు తుప్పు కాదు. కేసు అల్యూమినియంది, ప్లగ్గు సాధారణంగా స్టెయిన్‌లెస్‌ది. రెండు వేర్వేరు లోహాలకు ఉప్పునీరు తగిలితే అల్యూమినియం తరిగి తెల్లటి పొడిగా మారుతుంది. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు పట్టడంతో మరల మధ్య నిండి ప్లగ్గును బిగించేస్తుంది. అందుకే తళతళలాడే ప్లగ్గు కూడా ఒక్కోసారి కదలదు.

ఏ పద్ధతికైనా ముందు తుప్పు వదిలించే నూనె పట్టించి రాత్రంతా వదిలేయాలి. నూనె ఒక్కటే విప్పేస్తుందన్న ఆశ వద్దు, తర్వాతి పని సులువవుతుంది, అంతే.

నా ఓటు సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్‌కే. సాధారణ స్క్రూడ్రైవర్‌ను తిప్పేకొద్దీ మొన గాడిలోంచి పైకి జారుతుంది, గాడి అరిగేది అప్పుడే. ఇంపాక్ట్ డ్రైవర్ తలపై కొట్టిన ప్రతి దెబ్బకూ మొన గాడిలోకి దిగుతూనే తిరుగుతుంది, ఆ అదురుకు మరల్లోని పొడి పట్టు కూడా వదులుతుంది. అయితే మొన గాడిని పొడవునా, మందంగా నింపాలి. సరిపడే బిట్టు దొరక్కపోతే పెద్దది కొని అరగదీసుకోవడం మేలు. కేసు అవతలి వైపు చెక్క దిమ్మె ఆనించి, రెండు మూడు దెబ్బలకోసారి ఆగి చూడాలి. మొదట బిగించే వైపు వెంట్రుకవాసి కదిపి, తర్వాత విప్పే వైపు మార్చితే పట్టు తొందరగా తెగుతుంది.

దీనికి తోడుగా వేడి బాగా పనిచేస్తుంది. స్టెయిన్‌లెస్ కంటే అల్యూమినియం ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడి ప్లగ్గుకు కాదు, చుట్టూ ఉన్న కేసుకు పెట్టాలి. గ్యాస్ మంట కంటే హీట్ గన్ మంచిది. అల్యూమినియం సుమారు 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇనుములా ముందుగా ఎర్రబడి హెచ్చరించదు. లోపలి రబ్బరు సీళ్లు అంతకు చాలా ముందే పాడవుతాయి. నీటి చుక్క వేస్తే చుర్రుమన్నప్పుడు ఆపేయండి. పెట్రోలు ట్యాంకును ముందే దూరంగా పెట్టాలి.

గాడి పూర్తిగా పోతే? తల బయటికి పొడుచుకొని ఉంటే ఉలిని అంచున ఏటవాలుగా పెట్టి కొట్టవచ్చు. తల లోపలికి ఉంటే ఉలి జోలికే పోవద్దు. వాషర్ కూర్చునే చోటు చెక్కుకుపోతే తర్వాత ఆయిలు కారుతూనే ఉంటుంది.

చాలామంది వెంటనే ఈజీ అవుట్ (ప్లగ్గులో రంధ్రం చేసి, అందులో దించి ఎడమకు తిప్పే పనిముట్టు) అందుకుంటారు. దానికంటే ఎడమ వైపు తిరిగే డ్రిల్లు బిట్టు నయమని నా గట్టి అభిప్రాయం. అది కోసే దిశా, ప్లగ్గు విప్పే దిశా ఒకటే కాబట్టి రంధ్రం పూర్తికాకముందే ప్లగ్గు తిరిగి వచ్చేయడం తరచూ చూస్తాం. స్టెయిన్‌లెస్‌ను వేగంగా రుద్దితే గట్టిపడుతుంది కనుక కోబాల్టు బిట్టుతో నెమ్మదిగా, గట్టిగా నొక్కుతూ కోయాలి. బిట్టుకు గ్రీజు రాస్తే రజను చాలావరకు దానికే అంటుకుంటుంది. శంకువు ఆకారపు ఈజీ అవుట్ అలా కాదు, రంధ్రంలోకి దిగేకొద్దీ ప్లగ్గు గోడను బయటికి నెట్టి మరల్లో ఇంకా బిగిస్తుంది. అది విరిగిందంటే మామూలు డ్రిల్లుకు లొంగని గట్టి ఉక్కు ముక్క లోపల మిగులుతుంది.

తలపై నట్టు వెల్డింగ్ చేయించడం అన్నిటికంటే బలమైన దారే, కానీ కేసును ఇంజను నుంచి విడదీసి, అనుభవమున్న చేతికి ఇవ్వాలి. వెల్డింగ్ మిషను ఎర్తు క్లాంపు ప్లగ్గుకు దగ్గర్లోనే ఉండాలి, లేదంటే కరెంటు బేరింగుల గుండా పోయి వాటిని దెబ్బతీస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా పై ప్లగ్గు కూడా కదులుతుందో లేదో ముందే చూడండి. కింది రంధ్రం నుంచి ఎక్కించిన ఆయిలు పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా వచ్చినప్పుడే కేసు నిండినట్లు లెక్క. పైది తెరుచుకోకపోతే ఉన్న ఆయిలు తీసేసి ప్రయోజనం లేదు. బయటికి వచ్చిన ఆయిలు పాలలా తెల్లగా ఉంటే నీరు చేరిందని అర్థం. అప్పుడు కొత్త ప్లగ్గు, కొత్త వాషర్‌తో సరిపెట్టకుండా సీళ్లనూ చూపించాలి.