పళ్ల సెట్టు రాత్రి కూడా తీయక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి

కట్టుడు పళ్లు పెట్టించుకునేవాళ్లు, ఇంట్లో పెద్దవాళ్లకి పెట్టించబోతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. మా అమ్మకి పై దవడకి ఫుల్ సెట్టు, కింద తీసి పెట్టుకునే పార్షియల్ (ఊడిన కొన్ని పళ్లకే పెట్టే సెట్టు) చేయించాం. సెట్టు అమ్మినతను దాన్ని చేతికిస్తూ చెప్పిన మాట ఇది: "యాంటీ బాక్టీరియల్ మెటీరియల్ మేడమ్, 24 గంటలూ ఉంచుకోవచ్చు, మౌత్‌వాష్‌తో పుక్కిలిస్తే చాలు." అమ్మకి అంతకన్నా ఏం కావాలి? సెట్టు తీస్తే బుగ్గలు లోపలికి పోతాయని మనవల ముందు కూడా సిగ్గు ఆవిడకి. ఇక తీయడమే మానేసింది.

కొన్ని నెలలకి నోటి వాసన మొదలైంది, పెదాల మూలలు పగిలాయి. వేడి చేసిందనుకున్నాం, బి-కాంప్లెక్స్ మాత్రలు మింగించాం, పగుళ్లు తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేవి. ఒకరోజు బతిమాలి సెట్టు తీయించి ఫోన్ టార్చ్ వేసి చూశాను. అంగిలి అంతా ఎర్రగా, ప్లేటు ఎంతవరకు ఉంటుందో సరిగ్గా అంతవరకే, గీత గీసినట్టు. "నాకేం నొప్పి లేదే" అంటుంది అమ్మ. సెట్టు లోపలి వైపు బొటనవేలితో రాస్తే జారుడుగా పల్చటి జిగురు తగిలింది, పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంది.

వేరే డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే, దీన్ని డెంచర్ స్టొమటైటిస్ (సెట్టు కింద నోటి చర్మం ఎర్రబడి వాయడం) అంటారు, చాలామందికి నొప్పే ఉండదు కాబట్టి తెలియదు అన్నారు. ఆవిడ విడమరిచి చెప్పింది విన్నాక నాకు ఒళ్లు మండింది. సెట్టు అక్రిలిక్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు, కంటికి కనిపించని సన్న రంధ్రాలుంటాయి, వాటిలో బాక్టీరియా, కాండిడా అనే ఫంగస్ అతుక్కుని పొరలా పేరుకుంటాయి. కాండిడా చాలామంది నోట్లో మామూలుగానే ఉంటుంది, చోటు దొరికితేనే పెరుగుతుంది. లాలాజలం నోటిని కడుగుతూ ఉంటుంది కదా, పై ప్లేటు అంగిలికి అంటుకుని ఉంటే అది ఆ రెండింటి మధ్యకి చేరదు. పైగా నిద్రలో లాలాజలం ఊరడమే తగ్గుతుంది, అంటే రాత్రంతా వాటికి పండగే. పుక్కిలిస్తే ఆ పొర పోదు, రుద్దాల్సిందే.

పార్షియల్ సంగతి ఇంకోటి. దాని కొక్కేలు పట్టుకునే సొంత పళ్ల చుట్టూ పాచి ఎక్కువ చేరుతుంది. అమ్మకి మిగిలిన పళ్లలో సరిగ్గా కొక్కెం తగిలే పన్నే పుచ్చింది, ఇది మాత్రం ఎవరూ ముందు చెప్పరు!

నోటితోనే ఆగుతుందా అంటే అదీ లేదు. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మందిని మూడేళ్లపాటు గమనించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు, సెట్టు పెట్టుకునే నిద్రపోయేవాళ్లలో న్యుమోనియా ముప్పు రెండింతలకు పైగా కనిపించింది. సెట్టే కారణమని అది తేల్చేయలేదు, నిజమే, కానీ నోట్లో సూక్ష్మజీవులు నిద్రలో ఊపిరితిత్తుల్లోకి జారొచ్చన్నది డాక్టర్లు ఎప్పటినుంచో చెప్పేదే.

మేం చేసిన తప్పూ ఉంది. వాసన వస్తోందని నేనే టూత్‌పేస్ట్ వేసి గట్టిగా తోమాను. పేస్ట్‌లో గరుకు ఉంటుంది, గీతలు పడతాయి, ఆ గీతల్లో సూక్ష్మజీవులు ఇంకా బాగా దాక్కుంటాయి. ఇప్పుడు మెత్తటి బ్రష్, కొంచెం లిక్విడ్ సోప్, మామూలు నీళ్లు, అంతే (వేడినీళ్లలో వేస్తే సెట్టు వంగిపోతుంది). అప్పుడప్పుడు క్లీనింగ్ టాబ్లెట్ వేసిన నీళ్లలో నానబెట్టి, బాగా కడిగాకే నోట్లో పెట్టనిస్తున్నాను. రాత్రి సెట్టు నీళ్ల గ్లాసులో ఉంటుంది. అమ్మ అంగిలినీ, నాలుకనీ కూడా మెత్తగా తోముతోంది. డాక్టరు ఫంగస్ మందు రాశారు, అది నోటికి ఒక్కదానికే వాడి సెట్టుని అలాగే వదిలేస్తే మళ్లీ అంటుకుంటుందని రెండుసార్లు చెప్పి పంపారు.

ఎరుపు చాలావరకు తగ్గింది. సెట్టు అమ్మినతన్ని అడగడానికి వెళ్తే, తప్పు ఒప్పుకోకపోగా "మీరు సరిగ్గా కడగలేదు" అన్నాడు. లోపల మెత్తటి లైనర్ వేస్తే సరిపోతుందట, దానికి మళ్లీ వేరే బిల్లు. ఆ మెత్తటి పొరలో ఫంగస్ ఇంకా తేలిగ్గా చేరుతుందని అప్పటికే తెలుసు కాబట్టి సెట్టు సంచిలో వేసుకుని వచ్చేశాను.